కణవిభజన: ఐదు మాటలకు వ్యాఖ్య

విభజన: మన వాడుకలో విభజన అంటే పంపకం. నాలుగెకరాలు ఇద్దరన్నదమ్ములు పంచుకుంటే చెరో రెండెకరాలే వస్తాయి. కణం అలా పంచదు. విడిపోకముందే తన డీఎన్ఏ మొత్తానికీ మరో ప్రతి రాసుకుంటుంది, ఆ తర్వాతే రెండవుతుంది. పిల్ల కణాలకు దక్కేది వాటా కాదు, ఆస్తి మొత్తం.

సమవిభజన: బరువంతా 'సమ' మీదే ఉంది. మనిషి కణంలో ఆ డీఎన్ఏ 46 క్రోమోజోములుగా చుట్టుకుని ఉంటుంది. పుట్టిన రెండు కణాల్లోనూ 46 ఉండాలి. (1956లో శాస్త్రవేత్తలు టియో, లెవాన్ లెక్క తేల్చేదాకా 48 అనుకునేవారు.) ఈ సమానత్వాన్ని కాపాడేది కండె. మగ్గం దగ్గరి కండెలాగే నడుమ లావుగా, కొసలు సన్నగా ఉంటుంది గనుక ఆ పేరు. నడుమ వరసకట్టిన క్రోమోజోముల ప్రతులను దాని పోగులు చెరో కొసకూ లాగుతాయి. ఉల్లి వేరు కొనకు రంగువేసి మైక్రోస్కోపులో చూస్తే ఈ దశలన్నీ కళ్లకు కడతాయి.

క్షయకరణ విభజన: క్షయం అంటే తరుగుదల. అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు మాత్రమే ఇది జరుగుతుంది. ప్రతి రాయడం ఒక్కసారి, విడిపోవడం రెండుసార్లు. అందుకే 46 కాస్తా 23 అవుతాయి. ఇలా తరగకపోతే తరతరానికీ లెక్క రెట్టింపవుతూ పోయేది. ఇందులో ఒక లాభమూ ఉంది. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ, తండ్రి నుంచి వచ్చినదీ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఒకే కడుపున పుట్టినవాళ్లు ఒక్కలా ఉండకపోవడానికి ఇదొక కారణం. ఒక్కోసారి జత విడిపోదు. 21వ క్రోమోజోము మూడు ప్రతులుగా వస్తే డౌన్ సిండ్రోమ్ అవుతుందని 1959లో శాస్త్రవేత్త లెజ్యూన్ బృందం ప్రకటించింది. దానికి తల్లి పూర్వపాపమూ కారణం కాదు, గ్రహణమూ కారణం కాదు. ఆ నింద ఆమె మీద వేయకూడదు.

నియంత్రణ: నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మాట ఇదే. విభజన ప్రతి మజిలీలోనూ తనిఖీ ఉంటుంది. డీఎన్ఏ దెబ్బతింటే పి53 అనే ప్రొటీన్ విభజనను ఆపిస్తుంది; బాగుపడే దారి లేకపోతే కణాన్ని చనిపొమ్మంటుంది. ఈ చావు ఒంటికి మేలే. గర్భంలో వేళ్ల మధ్య ఉన్న కణాలు చనిపోబట్టే మన వేళ్లు విడివిడిగా వచ్చాయి.

రాచపుండు: పాతతరం క్యాన్సర్‌ను ఇలా పిలిచేది. ఆగమన్నా ఆగని కణం, చావమన్నా చావని కణం దీనికి మూలం. ఒక్క పొరపాటుతో అది పుట్టదు. ఏళ్ల తరబడి పోగుపడ్డ పొరపాట్లతో పుడుతుంది. పొగాకు ఆ పొరపాట్లను పెంచుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిటి క్యాన్సర్‌కు దారితీస్తుంది.

దీనికి విరుగుడు వెతికినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది. డీఎన్ఏ ప్రతి రాయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని చోటును ఈ మందు ఆక్రమిస్తే విభజన ఆగుతుంది. ఆ మందుతో రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఉపశమనం దొరికిందని 1948లో వైద్యుడు ఫార్బర్ ప్రకటించాడు. జుట్టు కుదుళ్ల కణాలూ వేగంగా విభజన చెందేవే గనుక, క్యాన్సర్ మందులు చాలావాటికి జుట్టు రాలుతుంది. మందు ఆపాక సాధారణంగా మళ్లీ వస్తుంది, భయపడనక్కర్లేదు.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే మాత్రం అది క్యాన్సర్ కావచ్చు; ఇంట్లో కూర్చోకండి, డాక్టరుకు చూపించండి.