వరుగులూ పప్పులూ: పోషక పట్టికలో కనబడని భూమి

ఎండిన కూరగాయల్లో బలమెక్కువా, పప్పుల్లో ఎక్కువా? పోషకాహార పట్టిక దీనికి జవాబు చెప్తది. ప్రతిదాన్నీ 100 గ్రాములు తూచి చెప్తది. కందులు, పెసర్లు, ఉలవల్లో 20 నుంచి 24 గ్రాముల మాంసకృత్తులు. పచ్చి వంకాయలో ఒకటిన్నర గ్రామే, అందులో 90 శాతం పైగా నీళ్ళే. ఆ నీళ్ళు పోయేదాకా ఎండబెడితే 100 గ్రాముల వరుగులో మాంసకృత్తులు 15 గ్రాములు దాటుతాయి. ఇనుము, సున్నం, పీచు కూడా అట్లనే చిక్కబడతాయి. విటమిన్ సి మాత్రం చాలావరకు ఎండకు పోతది.

లెక్క తప్పేం కాదు. కానీ ఒక్క పూటకు 100 గ్రాముల వరుగులు ఎవరు తింటరు? మనిషికొచ్చేది గుప్పెడు. 20 గ్రాములనుకుంటే మాంసకృత్తులు 3 గ్రాములు. అదే 50 గ్రాముల ఉలవలు ఉడకేసుకుంటే 10 గ్రాములకు పైనే. వరుగు పప్పుకు తోడే గాని బదులు కాదు. మరి మన వాడల్లో అది పప్పుకు బదులెట్లా అయింది? దీనికి జవాబు చరిత్రలో వెతకాలె.

కంది, పెసర, ఉలవ చెలక పంటలు. జొన్నల నడుమ కంది సాళ్ళు వెయ్యాలన్నా ముందు చెలక ఉండాలె. నిజాం కాలంలో, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 40,000 ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. ఆ చేన్లలో వెట్టి చేసినోళ్ళకూ, జీతమున్నోళ్ళకూ దక్కింది గింజల కూలి. అది జొన్నలో, వడ్లో. ఉలవలు గుర్రాలకూ ఎడ్లకూ దాణా అయినయ్.

వాడల ఆడవాళ్ళు భూమి అడగని తిండిని దాచుకున్నరు. దడి మీద పాకిన చిక్కుడు, కాకర, చింతచిగురు, చవగ్గా దొరికినప్పటి వంకాయ. పని దొరకని వానాకాలానికి అవే ఆసరా. భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయలు ఇప్పపువ్వు ఎండబెట్టుకున్నరు. మాదిగ వాడల్లో దండెం మీద ఆరిన తునకలైతే మాంసకృత్తుల్లో పప్పును మించినయ్. ఆ బలమైన తిండినే ఊరు అంటరానిదన్నది.

1960లో హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం రాసిండ్రు. దక్కన్‌లో జొన్న తిని బతికే పేదలకు చర్మం నల్లబడి పొలుసులూడే పెల్లాగ్రా జబ్బు ఎందుకొస్తున్నదన్నది విషయం. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ కారణమన్నరు. ప్రయోగశాల అడగగలిగిన ప్రశ్న అది. జొన్న పక్కన పప్పు ఎందుకు లేదన్నది మనం అడగాల్సిన ప్రశ్న. జొన్నలో తక్కువైన లైసిన్ పప్పుల్లో పుష్కలం. రెండూ కలిస్తేనే తిండి నిండుతది. రెండూ కలవాలంటే చెలక కావాలె.

తర్వాతేమైంది? 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, నిజమే. కానీ పళ్ళెంలోకి వచ్చింది బియ్యమే. చేన్లలోకి పత్తి వచ్చింది, మహబూబాబాద్ వైపు మిర్చి కూడా. పత్తి అమ్ముకోను, జొన్న-కంది తినను. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులు అప్పుల కథగా చెప్పుకున్నం. అవి తిండి పంట పోయిన కథ కూడా. ఈ మూడూ 2016 అక్టోబర్‌లో జిల్లాలయినయ్. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. బియ్యంలో మాంసకృత్తులు 100 గ్రాములకు 7, 8 గ్రాములే.

ఇప్పుడు వరుగులను పట్నం దుకాణాలు ‘సంప్రదాయ రుచి’ అని అమ్ముతున్నయ్. అమ్మనియ్యిండ్రి. కానీ మన తల్లుల తెలివిని పొగుడుకుంట, వాళ్ళకు పప్పు దక్కనియ్యని సంగతి మరిచిపోతే చరిత్ర సగమే చెప్పినట్టు. రేషన్‌లో పప్పు అడగాలె, దళిత ఆడవాళ్ళ పేర చెలక అడగాలె. పట్టికలో ఇనుముకూ సున్నానికీ గడులున్నయ్. భూమికి గడి లేదు. ఆ గడి మనమే గియ్యాలె.