మించాలపాడు కాల్పులు: 22 కాదు, 26

ఫిబ్రవరి వచ్చిందంటే మన పల్నాట్లో ఇదే పేచీ. పుల్లరికి ఎదురుతిరిగి 1922లో మించాలపాడు పోలీసు కాల్పుల్లో ఒరిగిన కన్నెగంటి హనుమంతు వర్ధంతి 22న అని కొందరు దండలు వేస్తారు, 26న అని మరికొందరు. నాలుగు రోజుల తేడాకి ఇంత రాద్ధాంతమా అనేవారున్నారు. ఆ నాలుగు రోజుల్లోనే అసలు సంగతంతా ఉంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది. తాతల నాటి నుంచి మేపుకున్న చోటే గొడ్డుకింత అని పుల్లరి కట్టాలి. కట్టకపోతే బందెలదొడ్డి. మేతా నీళ్ళూ లేక పాడిగేదె డొక్కలెండిపోతుంటే ఏ రైతు చూస్తూ ఊరుకుంటాడు? అప్పు చేసైనా విడిపించుకునేవాడు. అదే కాలంలో అమెరికా సర్కారు అక్కడి ఆదివాసులైన అపాచీలను వాళ్ళ కొండల్లోంచి తరిమి శాన్ కార్లోస్ రిజర్వేషన్‌లో పెట్టింది. 1886లో వాళ్ళ నాయకుడు జెరొనిమో లొంగిపోయాక, తమ సైన్యానికి దారి చూపిన అపాచీలను సైతం రైలెక్కించి ఫ్లోరిడాకు పంపింది. మన చెంచులకు ఆ గతి పట్టలేదు గానీ, ఉన్న అడవిలోనే పరాయివాళ్ళయ్యారు.

1921లో గుంటూరు కాంగ్రెసు ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారిగార్లను పల్నాడుకు పంపితే పట్టుకుని జైల్లో వేశారు. ఉన్నవవారు 'మాలపల్లి' రాసింది ఆ జైల్లోనే. ఊళ్ళు మాత్రం తగ్గలేదు. అటవీ ఉద్యోగులకు, పోలీసులకు సాంఘిక బహిష్కారం పెట్టాయి.

1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు సహాయ నిరాకరణ ఉద్యమం ఆపేశాక జరిగింది గనుక మించాలపాడు వట్టి అల్లరి అని తేల్చేసిన రచయితలున్నారు. పన్నుల నిరాకరణ చేసిన పెదనందిపాడుకు పేజీలు, మనకు ఒక పేరా! పుల్లరి వసూలు ఆగిందా అని మాత్రం వాళ్ళు అడగరు.

ఇక తేదీ. ఊళ్ళో మగవాళ్ళు కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు పోయిన అదను చూసి పోలీసులు దిగారని మా పెద్దలు చెబుతారు. 1922లో మాఘ అమావాస్య ఫిబ్రవరి 26, ఆదివారం. దాని ముందటి చతుర్దశి రాత్రి శివరాత్రి గదా, 22 నాటికి అది రానేలేదు. పండక్కి ముందే బండ్లు కదులుతాయి గదా అని 22 పక్షంవారి వాదన. కదులుతాయి, ప్రభలు కట్టుకుని వెళ్ళేవాళ్ళు ముందే వెళతారు. మిగతా ఊరు మాత్రం జాగారం నాటికే కొండ చేరుతుంది. మర్నాడు ఎడ్లకు కాస్త అలుపు తీర్చి వెనక్కి మళ్ళుతుంది. 26న బండ్లింకా దారిలోనే ఉంటాయి. ఊరు ఖాళీగా ఉన్నది ఆ రోజే.

మూక రాళ్ళు రువ్వింది, అందుకే కాల్చామన్నది సర్కారు మాట. నా లెక్క నిజమైతే ఆ మూకలో సగం కోటప్పకొండ బాటలో ఉంది. వర్ధంతి 22న చేసేవారు దీనికి జవాబు చెప్పాలి.