వర్ణభేదము – వైద్యాలయద్వారము

కులసంఘముల చరిత్రమున చందాలకు విశేషస్థానము కలదు. వసతిగృహములును, విద్యార్థివేతనములును వానివలననే వెలసినవి. అట్టి ధనము నే నియమముతో నొసంగవలయునో తెలుపు చరిత్రము నొకదానిని సోదర సభ్యులకును పోషకులకును మేమిట నివేదించుచున్నాము. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతివారిది.

అచ్చట బానిసత్వము 1865లో రద్దయినను, చర్మపు రంగునుబట్టి రోగులను వేరుచేయు నాచారము పోలేదు. దక్షిణ రాష్ట్రములలో ననేక ఆసుపత్రులు నల్లవారిని చేర్చుకొనలేదు. చేర్చుకొన్నవి వేరు గదులలో నుంచెను. ఉత్తరమునను భేదము లేకపోలేదు. చికాగో నగరమున ఎమ్మా రేనాల్డ్సు అను యువతిని నల్లజాతి స్త్రీ యగుటచే దాదుల పాఠశాలలు నిరాకరించెను. అందుపై డాక్టరు డేనియల్ హేల్ విలియమ్సు 1891లో ప్రావిడెంటు ఆసుపత్రిని స్థాపించి, అందు ఇరుజాతుల వైద్యులకును చోటిచ్చెను. 1893లో కత్తిపోటు తగిలిన యొకని గుండెపొరను కుట్టి బ్రదికించినవాడీయనయే.

మిసిసిపీ రాష్ట్రమున పూర్వము బానిసలై యుండినవారు 1887లో మౌండ్ బయూ పట్టణమును నెలకొల్పుకొనిరి. అచ్చట టేబర్ సోదరసంఘము 1942లో సభ్యుల చందాలతో టేబోరియన్ ఆసుపత్రిని తెరచెను. పేద వ్యవసాయకూలీలు అందు తమవారిచేతనే గౌరవముతో చికిత్స పొందిరి.

అయినను, పేదల చందాలు ప్రభుత్వధనమునకు సాటి యగునా? 1946 నాటి హిల్-బర్టన్ శాసనము ఆసుపత్రుల నిర్మాణమునకు ధనమొసంగుచు, వేరైనను సమానమను నెపమున వర్ణభేదమును అనుమతించెను. నల్లవారు కట్టిన పన్నులును చేరిన ధనముతో వారికే తలుపులు మూయబడెను! గ్రీన్స్‌బరో నగర దంతవైద్యుడు జార్జి సిమ్‌కిన్సు, తోడి వైద్యులును రోగులును కలసి 1962లో దావా వేసిరి. 1963లో అప్పీలు న్యాయస్థానము ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. 1964 నాటి పౌరహక్కుల శాసనము ప్రభుత్వధనము పొందు సంస్థలలో వర్ణవివక్షను నిషేధించెను. 1966 జూలై 1వ తేదీన వృద్ధుల వైద్యమునకై మెడికేరు ఆరంభమగుచుండగా, భేదము పాటించు ఆసుపత్రికి ఆ ధనము లేదని ప్రభుత్వము పట్టుబట్టెను. ఏండ్ల తరబడి వేడుకొన్నను తెరువబడని తలుపులు, కొలది మాసములలో వేయికి మించిన ఆసుపత్రులలో తెరువబడెను.

సొంత ఆసుపత్రి యాత్మగౌరవమును నిలిపినది. సర్వజనుల ఆసుపత్రి తలుపును తెరపించినది ధనదాత విధించిన నియమము. కావున మన పోషకులు వైద్యాలయమునకు విరాళమిచ్చునపుడు, గోడపై నామఫలకమును కోరి యూరకుండరాదు. ఏ కులపు పేదరోగి యైనను ఒకే ద్వారమున ప్రవేశించి, ఒకే వరుసలోని మంచముపై చికిత్స పొందవలెనని దానపత్రమున వ్రాయించవలెను. మనవారికొరకు మాత్రమే కోరు న్యాయము, ఇతరులకు తలుపు మూయుటయే యగును.