చేని మిగులు, మంద మేత

గొర్రెల కొరకు ప్రత్యేకముగా పైరు వేసిన రైతు మన చరిత్రలో అరుదు. మనిషి తినగా, ఎద్దు తినగా మిగిలినదే వాటి వంతు. ఆ మిగులు ఎవరి సొత్తు? తిరువూరు ప్రాంతమున ఎ.కొండూరు వంటి మెట్ట గ్రామములను మనసునం దుంచుకొని ఈ ప్రశ్నను పరిశీలింతము.

1855లో బెజవాడ యొద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైనది. నీరు పల్లమునకు పారినది గాని మెరకకు ఎక్కలేదు. డెల్టా రైతులు వరికోత వేళకు పిల్లిపెసర చల్లి పశువులకు పచ్చిమేత సమకూర్చుకొనిరి. మెట్టవారి మందలకు బీడు గడ్డియు, కోసిన చేలును దిక్కైనవి.

అయినను అది భిక్ష కాదు, ఒడంబడిక. పంట ఇల్లు చేరగానే కాపరి మందను చేనిలోనికి తోలును. గొర్రెలు పగలు రాలిన కంది ఆకును, ఉలవ పొట్టును, ఎండు జొన్న ఆకును ఏరుకొని తినును. రాత్రి అచటనే మంద కట్టుదురు. తెల్లవారుసరికి పెంటయు మూత్రమును నేలకు దక్కును. అందులకై రైతు కాపరికి గింజలు కొలిచి ఇచ్చెడివాడు. వానలు లేక వాడిన జొన్న పిలకలు విషమని కాపరికి తెలియును. వాటి దరికి మందను పోనీయడు. ఈ విద్యను అతనికి ఏ పాఠశాలయు నేర్పలేదు.

ఈ ఒడంబడికను మొదట సడలించినది వర్తకము. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున చెన్నరాజధాని వేరుసెనగ పుదుచ్చేరి రేవు నుండి ఫ్రాన్సు దేశపు మార్సెయి పట్టణమునకు ఓడ లెక్కినది. నూనె అచటి సబ్బుల కుపయోగపడెను; చెక్క అచటి పశువుల కడుపు నింపెను. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్ళు మాత్రమే. వేరుసెనగ చెక్కలో నలువదికి పైబడి యుండును. ఊరి గానుగ వద్ద మిగిలిన చెక్క ఊరిలోనే యుండెడిది. గింజయే ఊరు దాటినప్పుడు చెక్కయు దాటిపోవును. ఊరిలో మిగిలిన కొద్దిపాటి చెక్కకు వెల పెరిగెను. అది పాడిగేదె కుడితిలోనికి పోయెను, గొర్రెకు దక్కలేదు.

పిమ్మట పైరులే మారినవి. పత్తియు, మొక్కజొన్నయు మెట్టను ఆక్రమించినవి. 2006లో పత్తి చేలు మేసి తమ గొర్రెలు చచ్చినవని వరంగల్లు జిల్లా కాపరులు మొరపెట్టుకొనిరి. విత్తనము కారణమని కొందరు, పురుగు మందు కారణమని కొందరు వాదించిరి. మొక్కజొన్న చేనిలో వేరొక చిక్కు కలదు: రాలిన గింజలను ఆబగా మెక్కిన గొర్రె కడుపులో ఆమ్లము పెరిగి కూలిపోవును. మంద కడుపు నిండినదని కాపరి సంతసించిన రాత్రియే ఆ అపాయము!

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు రాజేంద్రనగరమున ఈ మిగులునే పరిశోధించిరి. పత్తికట్టెను, ప్రొద్దుతిరుగుడు గడ్డిని పొడిచేసి, తవుడు, చెక్క, లవణములు కలిపి సంపూర్ణ దాణాగా గొర్రెలకు పెట్టి చూచిరి. పొడియై కలిసిన దానిలో రుచించినది ఏరుకొని తక్కినది వదలుట గొర్రెకు సాధ్యము కాదు. ఇందలి కిటుకు అదియే. చెక్క మాత్రము బూజు పట్టినది కారాదు. 1960లో ఇంగ్లండున వేలకొలది సీమకోళ్ళు బూజుపట్టిన వేరుసెనగ చెక్క వలననే చచ్చినవి.

తిరువూరు సీమలో మామిడితోటలు విస్తారము. టెంకలోని జీడిని ఎండబెట్టి దాణాలో కొంత ధాన్యమునకు బదులు వాడవచ్చును. వగరు ఎక్కువ గనుక మితముగా కలుపవలెను. అయితే మర పట్టించుటకు, మోయుటకు రూకలు కావలెను. కొన్నిచోట్ల కాపరియే నేడు రైతుకు సొమ్ము చెల్లించి కోసిన చేను మేపుకొనుచున్నాడు. మరికొన్నిచోట్ల అతడు చేరులోగా మోళ్ళకు నిప్పంటుకొనుచున్నది.