సిరోంచ - రెండు ఒడంబడికలు

ప్రాణహిత గోదావరిలో కలియు చోట నున్న మన సిరోంచ గతిని రెండు ఒడంబడికలు మార్చినవి. 1860 సంధిచే నిజామునుండి ఆంగ్లేయులకు సంక్రమించి, ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై, 1874లో చాందాజిల్లాలో కలిసినది. 1982లో గడ్చిరోలి జిల్లాలో చేరినది.

2016 ఆగస్టు 23న మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వములు మేడిగడ్డ ఆనకట్ట నీటిమట్టమును 100 మీటర్లుగా అంగీకరించినవి. 2019లో ఆనకట్ట ప్రారంభమయ్యెను. ఇరుగట్టుల మాటయు తెలుగే. అయినను ఎత్తిపోసిన నీరు ఆవలికి సాగెను, ఈవల పొలములు మునిగెను. రైతులు పరిహారమునకై ఆందోళన సల్పిరి. 2023 అక్టోబరు 21న ఆనకట్ట స్తంభములే క్రుంగినవి.

జీవితమంతయు దస్త్రములు వ్రాసినవాడను. మునుగువాని మాట లేని ఒడంబడిక అసంపూర్ణమని నా నమ్మకము. ఆ మాట తెలుగున పలికినను దస్త్రమున కెక్కవలెను.