తారా బ్రోచ్: పనితనం పాతది, పేరు కొత్తది

‘ప్రాచీన కెల్టిక్ డిజైన్’ అంటూ ముడుల అల్లికతో ఉంగరాలు, లాకెట్లు ఇప్పుడు ఎక్కడ చూసినా అమ్ముతున్నారు. వాటిలో నిజంగా పాతది ఎంత? ఐర్లండ్‌లోని తారా బ్రోచ్ దగ్గర మొదలుపెడితే ఆ సంగతి తేలిగ్గా తెలుస్తుందని మాకు తోస్తుంది.

బ్రోచ్ అంటే పైవస్త్రం జారకుండా గుచ్చుకునే పెద్ద పిన్ను. ఈ బ్రోచ్‌ను క్రీ.శ. 700 ప్రాంతంలో వెండితో పోతపోసి బంగారు పూత పూశారు. చక్రం అడ్డకొలత 9 సెంటీమీటర్లు కూడా లేదు. ఆ కాస్త చోటులోనే సన్నని బంగారు తీగతో అల్లిన జంతువులు, అంబర్, రంగుగాజు ఇమిడిపోయాయి. అలాంటి తీగపనికి ఎంత ఓపిక కావాలో కటక్ తారకసినో, కరీంనగర్ వెండి ఫిలిగ్రీనో దగ్గరగా చూసినవారికి మేం చెప్పనక్కరలేదు. బట్టకు ఆనుకుని ఎవరికీ కనబడని వెనకవైపు కూడా నగిషీ వదల్లేదు!

1850లో మీత్ కౌంటీలోని బెటిస్‌టౌన్ దగ్గర దొరికిన ఈ నగ చేతులు మారి డబ్లిన్ నగల వ్యాపారి జార్జ్ వాటర్‌హౌస్‌కు చేరింది. తారా అనేది పూర్వపు ఐరిష్ రాజుల పీఠంగా పేరున్న కొండ. బ్రోచ్ దొరికింది అక్కడ కాదు. అయినా అమ్మకానికి పనికొస్తుందని ఆయన ఆ పేరే పెట్టి, నకళ్లు చేయించి అమ్మాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలోనూ పెట్టాడు. అప్పటికి ఐర్లండ్ మహాకరువు నుంచి ఇంకా తేరుకోలేదు. సొంత భాష కూడా వాడుకలోంచి జారిపోతున్న ఆ జనానికి ఈ నగలు ‘మాకూ ఒక గతం ఉంది’ అని చెప్పుకునే గుర్తులయ్యాయి. వ్యాపారి ఎత్తుగడే కావచ్చు, కానీ ఆ ఆదరణ ఉత్తది కాదు. అసలు బ్రోచ్ ఇప్పుడు డబ్లిన్‌లోని ఐర్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.

ఇక ముడుల అల్లిక. క్రీస్తుకు పూర్వపు కెల్టుల నగల్లో ఎక్కువగా కనిపించేవి సుడులు, వంపు తీగలు. అల్లిక క్రైస్తవం వచ్చాక, జర్మానిక్, మధ్యధరా కళల ప్రభావంతో 7వ శతాబ్దంలో బలపడింది. అంతకన్నా పాతది కావాలంటే టార్క్‌ను చూడాలి. అది ముందువైపు తెరిచి ఉండే, మన కంటెలాంటి మెడపట్టెడ. ఇంగ్లండ్‌లోని స్నెటిషమ్‌లో 1950లో దొరికిన టార్క్ కిలోకు పైగా తూగుతుంది. ఎనిమిదేసి తీగలు పేనిన ఎనిమిది తాళ్లను మళ్లీ కలిపి మెలిపెట్టి చేశారు.

రెండు చేతులు కిరీటమున్న హృదయాన్ని పట్టుకునే క్లాడా ఉంగరాన్ని కూడా ప్రాచీనమనే అమ్ముతుంటారు. గాల్వేలో ఆ రూపం వచ్చింది 17వ శతాబ్దం చివర్లోనే.