షోలాపురపు పాత భూపటము – మన పేటలు

భారత సర్వే శాఖవారు మైలు నేలను అంగుళమునకు కుదించి అచ్చొత్తించిన పాత పటములలో, మన షోలాపురము 47 ఓ/14 అను పటమున చేరినది. 1905 తరువాత వారు అవలంబించిన పద్ధతిని బట్టి నీటికి నీలము, కట్టడములకు ఎరుపు, ఎత్తుపల్లపు గీతలకు గోధుమరంగు. గీతకు గీతకు నడుమ 50 అడుగుల ఎత్తు. మనది ఇంచుమించు చదునునేల గనుక ఆ గీతలిచట పలుచన.

సిద్ధేశ్వరుని చెరువు, దాని ఒడ్డున కోట, ఈశాన్యమున ఏక్రూకు జలాశయము నీలపురంగుచే మొదట కంటబడును. రంగుల అద్దకమునకు నీరెంత ప్రాణమో నేతవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పిమ్మట నల్లని రైలుదారి. అది 1860లో ఇచటికి వచ్చెను. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు దారి పడుటతో తెలంగాణమునకును మనకును రైలు సంబంధము కుదిరెను. మూడేండ్లకే, 1877లో, ఇచట నూలుమిల్లు స్థాపితమయ్యెను. దానినే మనవారు జూనీ మిల్లనిరి; 1963లో అది మూతపడినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు ఈ దారినే పెక్కురు వచ్చిరి. అంతకు పూర్వము కాలినడకను వచ్చినవారును లేకపోలేదు.

పొరుగు పటములను జతచేసి చూచినచో తుల్జాపురపు దిక్కున హైదరాబాదు సంస్థానపు సరిహద్దు కానవచ్చును. మన పెద్దలకు అత్తవారిల్లు ఆవల, మగ్గము ఈవల. 1956లో ఆ సంస్థానమే విడిపోగా సరిహద్దును తుడిచిపెట్టుకుపోయెను.

ఇక పటము చూపనిది కలదు. గుడికి గుర్తున్నది, బావికి గుర్తున్నది, మగ్గమునకు లేదు! పట్టణపు తూర్పుభాగమంతయు ఒకే ఎర్రని ముద్ద. సాకర్ పేట, భద్రావతి పేట, దాజీ పేటలలో ఏ ఇంట గుంటమగ్గమాడినదో అందు కానరాదు. పడుగు చాచి గంజి పట్టించుటకు 44 గజముల వీధి కావలెననుకొందము. పటమున అది అంగుళములో 40వ వంతు. కొలతగాని గొలుసును నిందింపలేము, దాని పని అది చేసినది.

కావున మేమొకటి కోరుచున్నాము. పటపు నకలొకదానిని పెద్దది చేయించి సంఘమున ఉంచిన, వృద్ధులు బ్రతికియుండగనే ఏ గల్లీవారు ఏ ఊరినుండి వచ్చిరో, ఎచట పడుగులు చాచిరో గుర్తింపవచ్చును. ముందుగ తూర్పుభాగముతో మొదలిడుట మేలు.